హెడ్జ్ ఫండ్లు కొంటున్నాయని మనమూ కొనేయాలా? ఆ లెక్కలు చదివే పద్ధతి

ఈరోజు ఎపిసోడ్ ఒక మెయిల్‌తో మొదలుపెడతాను. అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక అక్క రాశారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. వాళ్ళమ్మాయి ఇంకో రెండేళ్ళలో కాలేజీకి వెళ్తుంది. ఆ ఫీజుల కోసం పన్నెండేళ్ళుగా దాచిన డబ్బు ఉంది. అందులో సగానికి పైగా తీసి ఒకే ఒక్క షేర్‌లో పెడదామని వాళ్ళాయన అంటున్నారట. కారణం అడిగితే ఫోన్‌లో ఒక పేజీ చూపించారట. పోయిన క్వార్టర్‌లో ఈ షేర్ 38 హెడ్జ్ ఫండ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 52 ఫండ్ల దగ్గర ఉంది అని. అంత పెద్దవాళ్ళు ఊరికే కొంటారా అని ఆయన వాదన. అక్క నన్ను అడిగింది ఒకటే. "తమ్ముడూ, ఈ 38 నుంచి 52 అనే మాటలో నిజంగా ఎంత విషయం ఉంది?"

మంచి ప్రశ్న అండి. ఆ షేర్ కొనాలో వద్దో నేను చెప్పను. అది నా పని కాదు. కానీ ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని ఎలా చదవాలి, ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు అన్నది ఈరోజు పూర్తిగా చూద్దాం.

ముందు ఈ లెక్క ఎక్కడిదో తెలుసుకుందాం. అమెరికాలో షేర్ మార్కెట్‌ని చూసుకునే సంస్థ ఎస్ఈసీ, మనకి సెబీ లాగా అన్నమాట. 1934 నాటి అక్కడి చట్టానికి 1975లో ఒక సెక్షన్ కలిపారు, 13ఎఫ్ అని. అమెరికా ఎక్స్ఛేంజిల్లో ట్రేడయ్యే షేర్లలో 10 కోట్ల డాలర్లు, ఆ పైన నడిపించే ప్రతి ఇన్వెస్ట్‌మెంట్ సంస్థా మూడు నెలలకోసారి తన దగ్గర ఏ షేర్లు ఎన్ని ఉన్నాయో బయటపెట్టాలి. ఇది హెడ్జ్ ఫండ్లకే కాదు, మ్యూచువల్ ఫండ్ కంపెనీలు, పెన్షన్ ఫండ్లు, బ్యాంకులు అందరికీ వర్తిస్తుంది. ఆ ఫారాలు ఎస్ఈసీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. వెబ్‌సైట్లు వాటిలోంచి తమకు నచ్చిన కొన్ని వందల ఫండ్లని ఒక జాబితాగా పెట్టుకుని, ఈ షేర్ ఇన్ని ఫండ్ల దగ్గర ఉంది అని లెక్క చెబుతాయి. జాబితా మారితే లెక్క మారిపోతుంది. ఒక సైట్‌లో 52 అని ఉన్నది ఇంకో సైట్‌లో 31 అని ఉండొచ్చు. రెండూ అబద్ధం కాదు.

ఇప్పుడు మొదటి చిక్కు, ఆలస్యం. క్వార్టర్ అయిపోయాక ఫారం వేయడానికి 45 రోజుల గడువు ఉంటుంది. చాలామంది చివరి రోజు దాకా ఆగుతారు. ఎందుకంటే వాళ్ళు ఏం కొంటున్నారో ముందే అందరికీ తెలిస్తే వాళ్ళకే నష్టం. ఒక ఫండ్ జనవరి మొదటి వారంలో కొన్నదనుకోండి. అది మార్చి 31 నాటి లెక్కలో చేరుతుంది, మనకు మే 15కి తెలుస్తుంది. అంటే నాలుగు నెలల పైమాటే. అమ్మకం కూడా అంతే. ఏప్రిల్ 1న మొత్తం అమ్మేసినా, మే 15న వచ్చే ఫారంలో ఆ షేర్ ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. అమ్మేశారన్న సంగతి మనకు ఆగస్టు మధ్యలో గానీ తెలియదు.

పెళ్ళిలో బంతి భోజనాల ఫోటో ఉంటుంది చూడండి, అలాంటిదన్నమాట ఇది. ఫోటోలో అందరూ వరసగా కూర్చుని ఉంటారు. మీరు ఆ ఫోటో చూసేసరికి వాళ్ళు తినేసి, చేయి కడుక్కుని, ఇంటికి కూడా వెళ్ళిపోయి ఉండొచ్చు. ఆ ఫోటో చూసి ఇప్పుడు పరిగెత్తుకుంటూ వెళ్తే మనకు మిగిలేది ఖాళీ విస్తరి.

పైగా ఫోటోలో అందరూ పడరు. కొన్నిసార్లు ఫండ్ ఎస్ఈసీని అడిగి, ఒక షేర్‌ని కొన్నాళ్ళు చూపించకుండా ఉంచుకోవచ్చు. వారెన్ బఫెట్ గారి బెర్క్‌షైర్ సంస్థ చబ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ షేర్లని అలాగే 2023 నుంచి నెమ్మదిగా కొంటూ, 2024 మేలో బయటపెట్టింది. బయటపెట్టాక షేర్ పెరిగింది. వాళ్ళు కొన్న ధర వేరు, వార్త చదివి కొన్నవాళ్ళ ధర వేరు.

రెండో చిక్కు, ఫారంలో సగమే కనిపించడం. 13ఎఫ్‌లో కొన్న షేర్లు కనిపిస్తాయి, ఆప్షన్లు కనిపిస్తాయి. షార్ట్ కనిపించదు. షార్ట్ అంటే షేర్లు అరువు తెచ్చి అమ్మి, ధర పడ్డాక తక్కువకు కొని తిరిగి ఇచ్చేయడం. హెడ్జ్ ఫండ్ అన్న పేరులోనే హెడ్జ్ ఉంది కదా, ఒకవైపు కొంటే ఇంకోవైపు కాపు పెట్టుకోవడమే వాళ్ళ వ్యాపారం. ఒక ఫండ్ ఈ కంపెనీ షేర్లు కొని, దాని పోటీ కంపెనీ షేర్లు షార్ట్ చేసి ఉండొచ్చు. అప్పుడు వాళ్ళు చెబుతున్నది ఈ షేర్ పెరుగుతుందని కాదు, ఆ పోటీ కంపెనీ కంటే ఇది మెరుగ్గా ఉంటుందని మాత్రమే. రెండూ పడినా, ఇది తక్కువ పడితే వాళ్ళకి లాభమే. మీ దగ్గర ఆ రెండోవైపు లేదు. మీకు మొత్తం నష్టమే.

ఆప్షన్ల విషయంలో ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. 2025 నవంబర్‌లో మైకేల్ బరీ గారి సైయన్ ఫండ్ ఫారం బయటికొచ్చింది. 2008 ఇళ్ళ రుణాల సంక్షోభాన్ని ముందే పసిగట్టిన ఆయనే. ఆ ఫారంలో పలాంటిర్ షేర్ మీద పుట్ ఆప్షన్లు, అంటే షేర్ పడితే లాభం వచ్చేవి, వాటి విలువ 91 కోట్ల డాలర్ల పైన అని ఉంది. వార్తల్లో పలాంటిర్ మీద 91 కోట్ల డాలర్ల పందెం అని వచ్చేసింది. అసలు సంగతేంటంటే, ఫారంలో ఆప్షన్‌కి పెట్టిన ఖర్చు రాయరు, ఆ ఆప్షన్ కింద ఉన్న షేర్ల మొత్తం విలువ రాస్తారు. తాను పెట్టింది 92 లక్షల డాలర్లేనని తర్వాత ఆయనే చెప్పారు. వందో వంతు అండి! అంకె సరిగ్గానే ఉంది, చదవడమే తప్పు.

ఇక అసలు ఫారంలోకే రానివి ఉన్నాయి. 2021 మార్చిలో ఆర్కెగోస్ కథ గుర్తుందా? బిల్ హ్వాంగ్ అనే ఆయన సొంత డబ్బు నడిపించే సంస్థ అది. నేరుగా షేర్లు కొనకుండా, బ్యాంకులతో స్వాప్ అనే ఒప్పందాలు చేసుకున్నారు. బ్యాంకు షేర్లు కొని తన దగ్గర ఉంచుకుంటుంది, లాభనష్టాలు మాత్రం ఆయనవి. దాంతో జాబితాల్లో షేర్‌హోల్డర్లుగా పెద్ద పెద్ద బ్యాంకుల పేర్లు కనిపించాయి గానీ ఆర్కెగోస్ పేరు కనిపించలేదు. బయటనుంచి చూసేవాళ్ళకి, అబ్బో ఇన్ని బ్యాంకులు వయాకామ్ సీబీఎస్ షేర్ పట్టుకున్నాయి అనిపించింది. వెనకాల ఉన్నది ఒక్క మనిషి, అదీ అప్పు మీద. మార్చి 22న వంద డాలర్ల దగ్గర ఉన్న ఆ షేర్, కంపెనీ కొత్త షేర్లు అమ్ముతామనేసరికి జారడం మొదలైంది. 26వ తేదీ శుక్రవారం ఒక్కరోజే నాలుగో వంతుకు పైగా పడిపోయి 50 డాలర్ల కిందికి వచ్చింది. క్రెడిట్ స్విస్ బ్యాంకుకి ఇందులో 500 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. హ్వాంగ్‌కి 2024లో 18 ఏళ్ళ జైలు శిక్ష పడింది.

మూడోది, విలువకీ షేర్ల సంఖ్యకీ తేడా. హెడ్జ్ ఫండ్ల పెట్టుబడి 35 శాతం పెరిగింది అని మీకు చూపిస్తారు. చిన్న లెక్క వేద్దాం. ఒక ఫండ్ దగ్గర 10 లక్షల షేర్లు, ధర 40 డాలర్లు. విలువ 4 కోట్లు. తర్వాతి క్వార్టర్‌కి ధర 60 అయింది, ఫండ్ లక్ష షేర్లు అమ్మేసింది. మిగిలిన 9 లక్షల షేర్ల విలువ 5 కోట్ల 40 లక్షలు. విలువ 35 శాతం పెరిగింది. కానీ ఫండ్ చేసింది అమ్మకం! కాబట్టి ఎప్పుడూ డాలర్లలో కాదు, షేర్ల సంఖ్యలో చూడండి.

నాలుగోది, ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు. అన్ని ఫండ్లూ ఒకటి కాదు. రెనసాన్స్ లాంటి సంస్థలు కంప్యూటర్ లెక్కల మీద వేల షేర్లు కొంటాయి, అమ్ముతాయి. వాళ్ళ జాబితాలో మీ షేర్ ఉండటం, రైల్వే స్టేషన్ సీసీటీవీలో మీ మొహం కనబడటం లాంటిదే. అందులో ప్రత్యేకం ఏమీ లేదు. సిటడెల్, మిలీనియం లాంటివి కూడా వేల పొజిషన్లు పట్టుకుని, రెండువైపులా కాపు పెట్టుకుంటాయి. అదే ఇంకో ఫండ్ మొత్తం పది షేర్లే పట్టుకుని, అందులో మీ షేర్‌కి 15 శాతం ఇచ్చిందంటే అది వేరే మాట. ఆ మేనేజర్ కనీసం ఆ కంపెనీ లెక్కలు కూలంకషంగా చదివి ఉంటాడు. 38 నుంచి 52 అయ్యాయి అన్నప్పుడు, కొత్తగా వచ్చిన ఆ 14 మందిలో ఎంతమంది మొదటి రకం, ఎంతమంది రెండో రకం? అక్క మొదట చూడాల్సింది అది.

ఇంకొక రకం ఉంది. 2022 జనవరిలో, మన హైదరాబాదీ సత్య నాదెళ్ల గారి మైక్రోసాఫ్ట్, యాక్టివిజన్ అనే గేముల కంపెనీని షేర్‌కి 95 డాలర్లిచ్చి కొంటామంది. మార్కెట్లో మాత్రం ప్రభుత్వాలు ఒప్పుకుంటాయో లేదో అన్న అనుమానంతో షేర్ 95 కంటే బాగా తక్కువలోనే తిరిగింది. ఆ మధ్యలో ఉన్న తేడా కోసం డీల్ మీద పందెం కాసే ఫండ్లు దిగుతాయి. బఫెట్ గారు కూడా ఆ లెక్కతోనే తమ వాటా 9.5 శాతం దాకా పెంచుకున్నామని 2022 మీటింగ్‌లో చెప్పారు. 2023 అక్టోబర్‌లో డీల్ పూర్తయింది, 95 డాలర్లు వచ్చాయి. ఇక్కడ ఫండ్లు చేరడానికి కారణం గేముల వ్యాపారం మీద ప్రేమ కాదు. పైన 95 దగ్గర గీత గీసేసి ఉంది, అంతకంటే ఒక్క డాలర్ రాదు. ఒక షేర్‌లో ఫండ్ల సంఖ్య ఉన్నట్టుండి పెరిగితే, ముందు ఆ కంపెనీని ఎవరైనా కొంటున్నారా అని వార్తలు చూడండి.

సంఖ్య తగ్గినా అంతే, కారణం కంపెనీయే కానక్కర్లేదు. 2022 మేలో మెల్విన్ క్యాపిటల్ మూసేస్తున్నామని ప్రకటించింది. ఫండే మూతపడితే మంచి షేర్, చెడ్డ షేర్ అని ఉండదు, అన్నీ అమ్మాల్సిందే. మన ఊళ్ళో ఒకాయన అప్పులపాలై పొలం అమ్మేశాడంటే, ఆ పొలం మంచిది కాదని అర్థమా?

ఇప్పుడు ఐదోది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. గుంపు. అందరూ ఒకే షేర్‌లో ఉండటం భద్రత కాదు, చాలాసార్లు అదే ప్రమాదం. దీనికి వాలియంట్ ఫార్మా కథ చెప్పాలి.

2015లో వాలియంట్ అంటే హెడ్జ్ ఫండ్లకు ముద్దుబిడ్డ. వాళ్ళ పద్ధతి ఏంటంటే, అప్పు తెచ్చి మందుల కంపెనీలు కొనడం, పరిశోధన ఖర్చు కోసేయడం, మందుల ధరలు పెంచేయడం. ఆ ఏడాది ఫిబ్రవరిలో రెండు గుండె జబ్బు మందుల హక్కులు కొని, ఒకదాని ధర 525 శాతం, ఇంకోదాని ధర 212 శాతం పెంచారు. అప్పు 3,000 కోట్ల డాలర్ల స్థాయికి చేరింది. అయినా షేర్ పైకే. బిల్ యాక్‌మన్ గారి పెర్షింగ్ స్క్వేర్ 300 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. వాల్యూయాక్ట్ ఫండ్ మనిషి బోర్డులోనే ఉన్నారు. సీక్వోయా అనే ఎంతో పేరున్న మ్యూచువల్ ఫండ్‌లో అయితే ఒక దశలో దాదాపు మూడో వంతు డబ్బు ఈ ఒక్క షేరే. ఇంతకంటే తెలివైనవాళ్ళ జాబితా ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? ఆగస్టులో షేర్ 260 డాలర్లు దాటింది.

అక్టోబర్‌లో సిట్రాన్ అనే సంస్థ ఒక రిపోర్టు వేసింది. ఫిలిడార్ అనే మందుల షాపుతో వాలియంట్‌కున్న సంబంధాన్ని బయటపెట్టి, ఇది ఇంకో ఎన్రాన్ అంది. షేర్ కుప్పకూలింది. యాక్‌మన్ గారు ఇంకా కొన్నారు. 2016 మార్చి 15న ఒక్కరోజే షేర్ సగానికి పడింది. చివరికి 2017 మార్చిలో ఆయన మొత్తం అమ్మేశారు, షేర్ 11 డాలర్ల దగ్గర. నష్టం సుమారు 400 కోట్ల డాలర్లు.

ఇక్కడ చూడాల్సింది రెండు విషయాలు. ఒకటి, వాళ్ళంతా విడివిడిగా తేల్చుకుని అక్కడ చేరారని మనం అనుకుంటాం. కానీ ఆ రంగంలో ఒకరి ఫారం ఒకరు చదువుతారు, ఒకే కాన్ఫరెన్సుల్లో కలుస్తారు. యాభై మంది ఒప్పుకున్నారంటే యాభై సార్లు పరీక్ష జరిగిందని కాదు. ఐదుగురు పరీక్షించి, మిగతావాళ్ళు నలుగురితో నారాయణ అని ఉండొచ్చు.

రెండోది బయటికొచ్చే దారి. దీనికీ లెక్క ఉంది. ఫండ్లన్నిటి దగ్గరా కలిపి 4 కోట్ల షేర్లు ఉన్నాయనుకోండి. మార్కెట్లో రోజుకి 20 లక్షల షేర్లు చేతులు మారుతున్నాయి. ధరని మరీ పడేయకుండా అమ్మాలంటే రోజు వ్యాపారంలో ఐదో వంతు, అంటే 4 లక్షలు అమ్మగలరనుకుందాం. 4 కోట్లు అమ్మడానికి 100 ట్రేడింగ్ రోజులు, దాదాపు ఐదు నెలలు పడుతుంది. చెడ్డ వార్త వచ్చిన రోజు ఎవరూ ఐదు నెలలు ఆగరు. జాతర అయిపోయాక ఊరంతా ఒకే సందులోంచి బయటపడాలంటే ఎలా ఉంటుందో, అలా ఉంటుంది. చిన్న కంపెనీ షేర్లలో ఈ లెక్క తప్పకుండా వేసుకోండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. మన దగ్గర 13ఎఫ్ లేదు, కానీ ప్రతి లిస్టెడ్ కంపెనీ క్వార్టర్ అయిన 21 రోజుల్లో షేర్‌హోల్డింగ్ పాటర్న్ ఇవ్వాలి. ఒక శాతం, ఆ పైన ఉన్న పబ్లిక్ షేర్‌హోల్డర్ల పేర్లు అందులో ఉంటాయి. ఒక శాతం కంటే తక్కువకు తగ్గితే పేరు మాయమవుతుంది, అంటే మొత్తం అమ్మేశారని కాదు. ఎఫ్ఐఐలు పెరిగాయి, కొనేయండి అనే వీడియోలు మీరూ చూసే ఉంటారు. మన సత్యం కంప్యూటర్స్‌లో విదేశీ సంస్థలు లేవా? ఎల్ఐసీ లేదా? 2009 జనవరి 7న ఆ ఉత్తరం బయటికొచ్చిన రోజు షేర్ ముప్పాతిక వంతుకు పైగా పడింది. పెద్దవాళ్ళ పేర్లు ఆ రోజు ఎవర్నీ కాపాడలేదు.

మరి ఈ ఫారాలు పనికిరావా? వస్తాయి. నేను నాలుగు పనులకు వాడతాను. ఒకటి, నాకు తెలియని కంపెనీ పేరు దొరకడానికి. అక్కడినుంచి చదువు నాది. రెండు, ఒక్క క్వార్టర్ కాకుండా ఆరేడు క్వార్టర్లు వరసగా పెట్టి, అదే ఫండ్ షేర్ల సంఖ్యని ఓపిగ్గా పెంచుతోందా అని చూడటానికి. మూడు, గుంపు ఎంత పెరిగిందో చూసి జాగ్రత్త పడటానికి. నాలుగు, ఫారం 13డి చూడటానికి. ఎవరైనా 5 శాతం దాటి, కంపెనీలో మార్పులు తేవాలన్న ఉద్దేశంతో ఉంటే 13డి వేయాలి. ఊరికే పెట్టుబడిగా పట్టుకుంటే 13జి. ఇదివరకు 13డికి పది రోజుల గడువు ఉండేది, 2024 ఫిబ్రవరి నుంచి ఐదు పనిదినాలు. కాబట్టి ఇది 13ఎఫ్ కంటే తాజా సమాచారం. పైగా ఎందుకు కొన్నారో కూడా అందులో రాయాలి. 52 అనే అంకె చెప్పని సంగతి ఒక్క 13డి చెబుతుంది.

ఇప్పుడు అక్క దగ్గరికి వద్దాం. అక్కా, బావగారిని తప్పుపట్టకండి. ఆయన అనుకున్నది అందరూ అనుకునేదే. కానీ ఆ ఫండ్లకీ మీకూ ఒక తేడా ఉంది. వాళ్ళ దగ్గర ఈ షేర్ వంద పొజిషన్లలో ఒకటి కావచ్చు. పోతే ఒక శాతం పోతుంది, పైగా ఇంకోవైపు కాపు ఉంటుంది. మీకు ఇది అమ్మాయి కాలేజీ. రెండేళ్ళలో కావాల్సిన డబ్బు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. పులి చారలు పులికే సరిపోతాయి.

ఇద్దరూ కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ షేర్ రేపు సగానికి పడిపోతే, అది ఎందుకు పడిందో మనంతట మనం చెప్పగలమా? చెప్పగలిగితే, ఆ కంపెనీ వ్యాపారం మీకు తెలుసన్నమాట, అప్పుడు ఎంత పెట్టాలన్నది మాట్లాడుకోవచ్చు. చెప్పలేకపోతే, మీరు కొంటున్నది కంపెనీని కాదు, వేరేవాళ్ళ నమ్మకాన్ని. వాళ్ళు నమ్మకం మార్చుకున్న రోజు మీకు ఫోన్ చేసి చెప్పరు. నాలుగు నెలల తర్వాత ఫారంలో చెబుతారు.

ఈ ఎపిసోడ్ ఇంతటితో ముగిద్దాం. మీ దగ్గరున్న షేర్‌కి ఈ ఐదు ప్రశ్నలు వేసి చూడండి. ఎప్పటి లెక్క, ఏం కనిపించట్లేదు, విలువా సంఖ్యా, ఎవరు ఎందుకు, గుంపు ఎంత. ఏం తేలిందో రాయండి. వచ్చే వారం కలుద్దాం. నమస్తే.